సైకిల్ ఇంజనుకు సరిపడే కార్బురేటర్ జెట్‌ను ఎంచుకోవడం

సైకిలుకు బిగించే చిన్న టూ-స్ట్రోక్ ఇంజనుకు ఎంత పెట్రోలు అందాలో నిర్ణయించేది గాలిలో పెట్రోలు కలిపే కార్బురేటర్‌లో చిటికెన వేలి గోరంత ఉండే జెట్ అనే ఒక ఇత్తడి మర. దాని నడుమ ఉన్న రంధ్రం వెడల్పు సుమారు 0.7 మిల్లీమీటర్లు. ఆ రంధ్రంలో కంటికి తెలియనంత తేడా వచ్చినా ఇంజను నడక మారిపోతుంది, కొన్నిసార్లు దాని ఆయుష్షే మారిపోతుంది. అయితే ఇంజను సరిగా నడవని ప్రతిసారీ తప్పు జెట్‌దే అనుకుని నాలుగైదు జెట్లు కొనుక్కొచ్చి ఒకదాని తరువాత ఒకటి మార్చి చూడడం వల్ల ఫలితం ఉండదు. జెట్ జోలికి వెళ్లే ముందు సరిచూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. అవి సరిగా ఉన్నప్పుడే జెట్ పరీక్షకు అర్థం ఉంటుంది.

ఇక్కడ నేను చెబుతున్నది సైకిల్ చట్రం మధ్యలో బిగించే చైనా కిట్ ఇంజను గురించి. అమ్మేవారు దీనిని 80 సీసీ అంటారు. బోరు (సిలిండర్ లోపలి వెడల్పు) 47 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 38 మిల్లీమీటర్లు కనుక లెక్క వేస్తే 66 సీసీ దగ్గర ఆగుతుంది. బోరు 40 మిల్లీమీటర్లు ఉన్న చిన్న ఇంజను 48 సీసీకి కాస్త అటూ ఇటూ ఉంటుంది. జెట్ ఎంచుకునేటప్పుడు ఎవరి సలహా చదివినా అది ఏ ఇంజనుకు చెప్పినదో ముందుగా చూసుకోవాలి, ఎందుకంటే పెద్ద ఇంజనుకు సరిపోయిన జెట్ చిన్నదానికి ఎక్కువవుతుంది. చట్టం సంగతి కూడా ఒక్క మాటలో చెప్పి ముందుకు వెళతాను. 1988 నాటి మోటారు వాహనాల చట్టం నాలుగు చక్రాల కన్నా తక్కువ ఉండి ఇంజను సామర్థ్యం 25 సీసీకి మించని బండ్లను మోటారు వాహనం అనే నిర్వచనం నుంచి మినహాయించింది. 48 సీసీ ఇంజను బిగించినా, 66 సీసీ ఇంజను బిగించినా ఆ మినహాయింపు వర్తించదు కనుక ఈ బండిని రోడ్డు మీద నడపాలనుకునేవారు రిజిస్ట్రేషన్ విషయం ముందే తేల్చుకోవాలి.

పలుచన అయితే ఏమవుతుంది

గాలిలో పెట్రోలు ఎక్కువగా కలిస్తే దానిని చిక్కటి మిశ్రమం అంటాము, తక్కువగా కలిస్తే పలుచటి మిశ్రమం అంటాము. ఫోర్-స్ట్రోక్ ఇంజనులో ఆయిల్ వేరే గదిలో ఉంటుంది కనుక మిశ్రమం కొంత పలుచబడినా బేరింగులకు, పిస్టన్‌కు ఆయిల్ అందుతూనే ఉంటుంది. టూ-స్ట్రోక్‌లో ఆయిల్ పెట్రోలుతో కలిసే వస్తుంది. అంటే పెట్రోలు తగ్గితే వేడి పెరుగుతుంది, అదే క్షణంలో ఆయిల్ కూడా తగ్గుతుంది. ఈ రెండు దెబ్బలు ఒకేసారి తగలడం వల్లనే చిన్న ఇంజనులు పట్టేస్తాయి, అంటే పిస్టన్ సిలిండర్‌లో బిగుసుకుపోతుంది.

నా మొదటి ఇంజను అలాగే పట్టేసింది. పట్టేసే ముందు అది ఎన్నడూ లేనంత హుషారుగా నడిచింది. పొగ లేదు, శబ్దం పదునుగా ఉంది, ఒక చిన్న ఎత్తును కూడా వేగం తగ్గకుండా ఎక్కింది. బండి బాగా కుదిరిందని సంతోషించిన కొద్ది నిమిషాలకే ఎవరో వెనక నుంచి పట్టుకుని లాగినట్టు వేగం పడిపోయి వెనుక చక్రం జారింది. సిలిండర్ పైమూత అయిన హెడ్‌ను, ఆపై సిలిండర్‌ను విప్పి చూస్తే పిస్టన్ పక్కల నిలువు గీతలు, సిలిండర్ గోడకు అంటుకున్న అల్యూమినియం. ఆ హుషారుకు కారణం పలుచటి మిశ్రమమే. చిక్కటి మిశ్రమం వల్ల పొగ వస్తుంది, స్పార్క్ ప్లగ్ నల్లబడుతుంది, మైలేజీ పడిపోతుంది, సైలెన్సరు జిడ్డు కారుతుంది, కానీ ఇంజను బతికే ఉంటుంది. అందుకే ఎప్పుడూ పెద్ద జెట్‌తో మొదలుపెట్టి చిన్న జెట్ వైపు దిగుతూ రావాలి. చిన్నదానితో మొదలుపెట్టి పైకి వెళ్లే పద్ధతిలో మొదటి పరీక్షే చివరి పరీక్ష కావచ్చు.

జెట్ ముట్టుకునే ముందు

అన్నిటికంటే ముందు చూడవలసినది గాలి చొరబాటు. ఈ కిట్లతో వచ్చే ఎన్‌టీ రకం కార్బురేటర్ ఇన్‌టేక్ గొట్టం (మిశ్రమం సిలిండర్‌లోకి వెళ్లే దారి) మీదకు తొడుక్కుని ఒక బిగింపు స్క్రూతో నిలబడుతుంది. ఆ తొడుగు చాలా బండ్లలో వదులుగా ఉంటుంది, స్క్రూ ఎంత బిగించినా సందు మిగులుతుంది. ఆ సందులోంచి లోపలికి పోయే గాలి కార్బురేటర్ లెక్కలోకి రాదు కనుక మిశ్రమం పలుచబడుతుంది. దానిని సరిచేయడానికి పెద్ద జెట్ వేసినవారు తరువాత ఎప్పుడో స్క్రూ సరిగా బిగుసుకున్న రోజున బండి ఎందుకు పొగ కక్కుతోందో తెలియక తికమక పడతారు. గొట్టం చివర పెట్రోలుకు తట్టుకునే రబ్బరు ఓ-రింగ్ ఒకటి అమర్చి కార్బురేటర్‌ను దానికి ఆనేలా నొక్కి బిగిస్తే ఈ సమస్య చాలావరకు తీరుతుంది. టెఫ్లాన్ టేపు చుట్టేవారూ ఉన్నారు, కానీ దాని పీచు ఊడి లోపలికి పోయే అవకాశం ఉంది కనుక నేను దానిని వాడను.

ఇన్‌టేక్ గొట్టానికీ సిలిండర్‌కూ మధ్య సందు మూసే గ్యాస్కెట్ పట్టీ, హెడ్ గ్యాస్కెట్, కరెంటు పుట్టించే మాగ్నెటో వెనుక క్రాంక్ ఇరుసు చుట్టూ ఉండే సీలు కూడా గాలి పీల్చే చోట్లే. ఇంజను వేడెక్కక ముందు, అది స్టార్ట్ అయి నెమ్మదిగా నడుస్తున్నప్పుడు, ఈ అతుకుల దగ్గర డబ్ల్యూడీ-40 వంటి స్ప్రే కొద్దిగా కొట్టి చెవిపెట్టి వినాలి. ఎక్కడ కొట్టినప్పుడు ఇంజను వేగం మారిందో అక్కడ సందు ఉన్నట్టు. ఈ స్ప్రే మండుతుంది, కనుక సైలెన్సరు వైపు కొట్టకూడదు, ప్లగ్ తీగ నుంచి నిప్పురవ్వ బయటికి రావడం లేదని ముందే నిర్ధారించుకోవాలి. థ్రాటిల్ (వేగం పెంచే పిడి) వదిలిన తరువాత కూడా ఇంజను వేగం వెంటనే దిగకుండా కాసేపు పైనే వేలాడుతుంటే అది కూడా గాలి చొరబాటుకు గుర్తే.

తరువాత పెట్రోలు రాక. కార్బురేటర్ దగ్గర గొట్టం ఊడదీసి సీసాలో పట్టి చూస్తే ధార తెగకుండా రావాలి. ట్యాంకు మూతలోని గాలి రంధ్రం పూడుకుపోతే మొదట బాగానే వచ్చి రెండు కిలోమీటర్ల తరువాత ధార సన్నబడుతుంది, బండి అక్కడికి వెళ్లి ఆగిపోతుంది, మనం జెట్‌ను తిట్టుకుంటాము. కొత్త ట్యాంకులలో రంగు పెచ్చులు, వెల్డింగ్ పొడి ఉండడం కూడా మామూలే, కనుక గొట్టం మధ్యలో ఒక చిన్న ఫిల్టరు పెట్టుకోవడం మంచిది. కార్బురేటర్ అడుగున పెట్రోలు నిలిచే గిన్నెలో తేలుతూ మట్టాన్ని నిలిపే ఫ్లోట్ వంగిపోతే పెట్రోలు మట్టం మారుతుంది, మట్టం మారితే అదే జెట్ వేరే జెట్‌లా ప్రవర్తిస్తుంది. గాలి ఫిల్టరు స్పాంజి మాసిపోతే మిశ్రమం చిక్కబడుతుంది, ఫిల్టరే తీసేస్తే పలుచబడుతుంది. సైలెన్సరు మార్చినా లెక్క మారుతుంది. కాబట్టి బండి ఏ రూపంలో రోజూ తిరగబోతోందో ఆ రూపంలోనే పరీక్షించాలి.

ఆయిల్ పాలు కూడా ముందే స్థిరపరచుకోవాలి. మోపెడ్లకు లీటరు పెట్రోలులో 20 మిల్లీలీటర్ల 2టీ ఆయిల్ పోసే అలవాటు మనవారికి ఉంది. ఈ కిట్ ఇంజనులకు అది చాలదు. కొత్తలో 16 పాళ్ల పెట్రోలుకు ఒక పాలు, అంటే లీటరుకు 62 మిల్లీలీటర్లు పోసి, ఇంజను అరిగి కుదురుకున్న తరువాత లీటరుకు 40 దగ్గరికి తగ్గించుకోవచ్చు. ఆయిల్ ఎక్కువ పోస్తే మిశ్రమం చిక్కబడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి జరిగేది దానికి వ్యతిరేకం. జెట్ రంధ్రంలోంచి వెళ్లే ద్రవంలో ఆయిల్ వాటా పెరిగితే పెట్రోలు వాటా తగ్గుతుంది, పైగా ద్రవం జిగట పెరిగి ప్రవాహం కొద్దిగా మందగిస్తుంది, కనుక గాలితో పోలిస్తే పెట్రోలు తక్కువవుతుంది. తేడా రెండు శాతం దగ్గరే అయినా, ఆయిల్ పాలు మార్చిన ప్రతిసారీ జెట్ పరీక్ష కొంత తప్పుతుందని గుర్తుంచుకోవాలి. మొదటి 500 కిలోమీటర్ల వరకు కిట్‌తో వచ్చిన పెద్ద జెట్‌ను అలాగే ఉంచి, ఆ తరువాతే మార్పులు మొదలుపెట్టడం నా పద్ధతి.

నంబరులో ఏముంది

జెట్ తల మీద 70 అని ఉంటే రంధ్రం వ్యాసం 0.70 మిల్లీమీటర్లు అని సాధారణంగా అర్థం. డెలార్టో రకం జెట్లలో ఈ లెక్క నమ్మవచ్చు. మికునీ రకంలో కొన్ని జెట్ల మీది నంబరు వ్యాసాన్ని కాక ప్రవాహాన్ని సూచిస్తుంది. అందువల్ల ఒక కంపెనీ 70, మరొక కంపెనీ 70 ఒకటే అనుకోవడానికి వీలులేదు. కిట్లతో వచ్చే జెట్ల మీద నంబరు అసలే లేకపోవడం, ఉన్నా రంధ్రం ఆ కొలతలో లేకపోవడం నేను ఎక్కువసార్లే చూశాను.

వ్యాసంలో చిన్న తేడా ప్రవాహంలో పెద్ద తేడా అవుతుంది, ఎందుకంటే పెట్రోలు వెళ్లేది రంధ్రం వైశాల్యాన్ని బట్టి. 70 తీసి 68 వేస్తే వైశాల్యం సుమారు 5.6 శాతం తగ్గుతుంది. 65 వేస్తే 14 శాతం తగ్గుతుంది. 60 వేస్తే నాలుగో వంతుకు పైగా పోతుంది. అంటే 70 నుంచి 60కి ఒక్కసారిగా దూకడం చిన్న మార్పు కాదు, అది ఇంజనుకు అందే పెట్రోలులో పావు భాగం కోసేయడం. రెండేసి నంబర్ల మెట్లలో దిగితే ప్రతి మెట్టుకూ దాదాపు ఆరు శాతం తేడా వస్తుంది, ఆ తేడాను చెవి, కన్ను రెండూ పట్టుకోగలవు. 66 సీసీ ఇంజనుకు మామూలు సైలెన్సరుతో, మామూలు ఫిల్టరుతో 74 దగ్గర మొదలుపెట్టి కిందికి దిగమని నేను చెబుతాను. 48 సీసీకి ఇంకా కొంచెం కింద నుంచి మొదలుపెట్టవచ్చు.

రంధ్రాన్ని కొలవడానికి సర్క్యూట్ బోర్డులకు వాడే సన్నటి డ్రిల్ బిట్లు బాగా పనికివస్తాయి. హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీ వంటి ఎలక్ట్రానిక్స్ బజార్లలో ఇవి 0.05 మిల్లీమీటర్ల తేడాతో దొరుకుతాయి. 0.65 బిట్ సులువుగా దూరి 0.70 బిట్ దూరకపోతే రంధ్రం ఆ రెండింటి మధ్య ఉన్నట్టు. బిట్‌ను వేళ్లతో పట్టుకుని బరువు పెట్టకుండా నిటారుగా దించాలి, తిప్పకూడదు. బిట్ గట్టిది, ఇత్తడి మెత్తది, ఒక్క తిప్పుతో కొలత కాస్తా మార్పు అయిపోతుంది.

మెయిన్ జెట్ పరిధి, సూది పరిధి

థ్రాటిల్ ఎంత తెరిచామనేదాన్ని బట్టి పెట్రోలు కొలిచే బాధ్యత చేతులు మారుతుంది. థ్రాటిల్ మూసి ఉన్నప్పుడు, కొద్దిగా తెరిచినప్పుడు గాలి దారిని తెరిచి మూసే స్లైడు అంచు కోత, ఇంజను ఊరికే తిరిగే వేగాన్ని నిలిపే ఐడిల్ స్క్రూ ప్రధానం. పావు వంతు నుంచి ముప్పావు వంతు వరకు స్లైడుకు వేలాడే సూది ప్రధానం. ముప్పావు దాటి పూర్తిగా తెరిచినప్పుడు సూది బాగా పైకి లేచి దారి వదిలేస్తుంది కనుక అక్కడ రాజ్యం మనం ఇంతవరకు చెప్పుకున్న జెట్, అంటే మెయిన్ జెట్‌ది. ఎన్‌టీ కార్బురేటర్‌లో తక్కువ వేగానికి విడిగా పైలట్ జెట్ ఉండదు. పెట్రోలు అంతా మెయిన్ జెట్ గుండానే వస్తుంది, అందువల్ల మెయిన్ జెట్ మారిస్తే కింది పరిధిలోనూ కొంత ప్రభావం కనిపిస్తుంది. అయినా తీర్పు మాత్రం పూర్తి థ్రాటిల్ దగ్గరే తీసుకోవాలి.

చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ఊరిలో సగం థ్రాటిల్‌తో తిరుగుతూ పొగ ఎక్కువ వస్తోందని మెయిన్ జెట్ తగ్గిస్తారు. సగం థ్రాటిల్‌లో నడక బాగుపడుతుంది. తరువాత ఒకరోజు హైవే మీద థ్రాటిల్ పూర్తిగా తెరిచి పది నిమిషాలు లాగేసరికి పిస్టన్ పట్టేస్తుంది. వారికి నిజంగా కావలసినది సూదిని ఒక గాటు దించడం. సూది తల దగ్గర ఉన్న గాట్లలో సి-క్లిప్‌ను పై గాటులో పెడితే సూది కిందికి దిగి మిశ్రమం పలుచబడుతుంది, కింది గాటులో పెడితే సూది పైకి లేచి చిక్కబడుతుంది. ముందు మెయిన్ జెట్ తేల్చుకుని, తరువాత సూదికి వెళ్లాలి. రెండూ ఒకే రోజు మారిస్తే ఏది ఏం చేసిందో ఎవరూ చెప్పలేరు.

పరీక్ష

పరీక్షకు కావలసినవి ఒక కొత్త ప్లగ్, ప్లగ్ స్పానరు, చేతిగుడ్డ, ఒక భూతద్దం. ఎన్‌జీకే బీ6హెచ్ఎస్ ఈ ఇంజనులకు ఎక్కువగా వాడే ప్లగ్. దాని మర వ్యాసం 14 మిల్లీమీటర్లు, పొడవు 12.7 మిల్లీమీటర్లు. ఇప్పటికీ ఏ ప్లగ్‌నైనా మైకో ప్లగ్ అనే పిలిచే మెకానిక్కులు మన దగ్గర ఉన్నారు. తిరుపతిలో తయారైన సువేగా, ఆ తరువాతి లూనా, టీవీఎస్ 50 బండ్ల ప్లగ్‌లు చూసి చూసి పండిపోయిన అటువంటివారు దగ్గరలో ఉంటే మొదటిసారి వారిచేత ప్లగ్ చూపించుకోవడం ఎంతో మేలు. పాత ప్లగ్ మీద నెలల మసి పేరుకుని ఉంటుంది కనుక అది ఈ రోజు జెట్ గురించి ఏమీ చెప్పదు.

తెల్లవారుజామున మనుషులు లేని, చదునుగా లేదా కొద్దిగా ఎత్తుగా సాగే రోడ్డును ఎంచుకోవాలి. సైకిల్ బ్రేకులు ఈ వేగానికి తయారైనవి కావు, కనుక బ్రేకులు, హెల్మెట్, ఇంజను ఆపే స్విచ్ ముందే చూసుకోవాలి. పాత ప్లగ్‌తో రెండు మూడు కిలోమీటర్లు తిరిగి ఇంజనును బాగా వేడెక్కించి, ఆపి, కొత్త ప్లగ్ బిగించి, వెంటనే థ్రాటిల్ పూర్తిగా తెరిచి అర కిలోమీటరు దూరం లాగాలి. థ్రాటిల్ వదలకుండానే స్విచ్ నొక్కి, అదే క్షణంలో క్లచ్ పట్టి, బండిని ఊరికే దొర్లనిచ్చి ఆపాలి. థ్రాటిల్ మూసి ఇంజనును మెల్లగా నడుపుతూ ఇంటికి తెచ్చి ప్లగ్ చూస్తే మనం చదివేది ఐడిల్ మసిని మాత్రమే.

ప్లగ్ తీసి దాని కొన చూసి తీర్పు చెప్పేయకూడదు. తెల్లటి పింగాణీ లోహపు గూటిలోకి ఎక్కడ దిగుతుందో ఆ అడుగు దాకా భూతద్దంతో చూడాలి. అక్కడ పింగాణీ చుట్టూ కాఫీ పొడి రంగులో సన్నటి ఉంగరం కనిపిస్తే మిశ్రమం సరిగా ఉన్నట్టు. ఉంగరం వెడల్పుగా, నల్లగా, తడిగా పైదాకా పాకి ఉంటే చిక్కన. అడుగున ఏ రంగూ లేకుండా పింగాణీ మెరుస్తున్న తెలుపుతో ఉండి, దాని మీద మిరియపు పొడి చల్లినట్టు చుక్కలో, వెండి రంగు సూక్ష్మమైన గుళికలో కనిపిస్తే ఆ జెట్‌తో ఇంకొక అడుగు కూడా నడపకూడదు. ఆ వెండి గుళికలు పిస్టన్ నుంచి కరిగి వచ్చిన అల్యూమినియం.

ఇథనాల్ కలిసిన ఈనాటి పెట్రోలు పాత పెట్రోలు కన్నా శుభ్రంగా మండుతుంది కనుక ప్లగ్ రంగు కాస్త లేతగానే ఉంటుంది. అందువల్ల ప్లగ్ సాక్ష్యాన్ని చెవితో సరిచూసుకోవాలి. మిశ్రమం మరీ చిక్కగా ఉంటే పూర్తి థ్రాటిల్‌లో ఇంజను ప్రతి చుట్టుకూ పేలకుండా ఒక చుట్టు విడిచి ఒక చుట్టు పేలుతుంది. నున్నగా సాగవలసిన శబ్దం బొంగురుపోయి బడబడమంటుంది, ఎంత తిప్పినా వేగం ఒకచోట ఆగిపోతుంది. ఆ సమయంలో పెట్రోలు కుళాయి మూసి అలాగే సాగిపోవాలి. గిన్నెలో మట్టం దిగేకొద్దీ మిశ్రమం పలుచబడుతూ వస్తుంది. ఆగిపోయే ముందు ఇంజను ఒక్కసారి గొంతు సవరించుకుని ఊపందుకుంటే ఇప్పుడున్న జెట్ పెద్దదని అర్థం. ఆ ఊపు కనిపించిన మరుక్షణం థ్రాటిల్ తగ్గించి కుళాయి తెరవాలి. ఏ ఊపూ లేకుండా నేరుగా నీరసించి ఆగితే జెట్ సరిపోయి ఉండవచ్చు, చిన్నదై కూడా ఉండవచ్చు. ఆ రెండింటినీ విడదీయడానికి గాలి దారిని మూసే చోక్ ఉంది. పూర్తి థ్రాటిల్‌లో చోక్‌ను కొద్దిగా మూసినప్పుడు వేగం పెరిగితే పెట్రోలు చాలడం లేదు, జెట్ చిన్నది. వెంటనే బొంగురుపోతే పెట్రోలు కొరత లేదు.

ఇలా రెండేసి నంబర్లు దిగుతూ పోతే ఒక జెట్ దగ్గర బొంగురు పూర్తిగా పోయి శబ్దం నున్నగా సాగుతుంది. అక్కడ ఆగాలి. ఇంకొక మెట్టు దిగితే ఇంకొంచెం వేగం వస్తుందేమోనన్న ఆశ అందరికీ పుడుతుంది. నేను ఆ ఆశను వదులుకుని, నున్నగా నడిచిన జెట్ కన్నా ఒక నంబరు పెద్దది బిగించి ఉంచుతాను.

ఎత్తు, ఎండ, ఇథనాల్

ఎత్తు పెరిగితే, ఎండ పెరిగితే గాలి పలుచబడి మిశ్రమం చిక్కబడుతుంది. అయితే గాలి ఎంత పలుచబడిందో మిశ్రమం అంత చిక్కబడదు. గాలి తగ్గినప్పుడు జెట్ మీద పడే లాగుడు కూడా తగ్గుతుంది కనుక తేడా దాదాపు సగమే కనిపిస్తుంది. విజయవాడతో పోలిస్తే హైదరాబాద్ సుమారు 500 మీటర్లు ఎత్తులో ఉంది. గాలి సాంద్రత ఐదు శాతం తక్కువ, మిశ్రమంలో తేడా రెండున్నర శాతం, అంటే ఒక్క నంబరు కూడా నిండుగా ఉండదు. హార్స్‌లీ హిల్స్ 1,200 మీటర్లకు పైనే ఉంటుంది కనుక అక్కడ తేడా ఆరు శాతం దగ్గరికి, అంటే రెండు నంబర్ల మెట్టుకు వస్తుంది. 20 డిగ్రీల ఉదయానికీ 45 డిగ్రీల మధ్యాహ్నానికీ మధ్య తేడా నాలుగు శాతం.

దీనిని చూసి ఎండాకాలంలో జెట్ తగ్గించాలనుకోవడం పొరపాటు. ఎండలో మిశ్రమం కొంత చిక్కబడుతుంది, నిజమే. కానీ గాలితో చల్లబడే ఈ ఇంజనుకు ఎండాకాలంలో ఆ అదనపు పెట్రోలే కాస్త ఊరట. అసలు ప్రమాదం ఇటు కాదు, అటు ఉంది. కొండ మీద మధ్యాహ్నం పూట సరిచేసిన జెట్‌తో డిసెంబరు ఉదయం కోస్తా రోడ్డు మీదకు వస్తే మిశ్రమం పది శాతం దాకా పలుచబడుతుంది. కాబట్టి మీరు తిరిగే చోట్లలో అన్నిటికంటే పల్లపు ప్రాంతంలో, చలికాలం ఉదయాన జెట్ తేల్చుకుంటే మిగిలిన రోజులన్నీ వాటంతట అవే క్షేమం వైపు ఉంటాయి.

ఇక పెట్రోలు. ఇప్పుడు మన బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంటుంది కనుక అదే గాలికి ఈ పెట్రోలు ఎక్కువ కావాలి. ఇథనాల్ లేని పెట్రోలుతో పోలిస్తే సుమారు ఎనిమిది శాతం, అంటే 70 జెట్ చేసిన పనికి 73 కావాలి. కిట్‌తో వచ్చిన జెట్ ఎప్పుడూ పెద్దదే, దానిని 65కో ఇంకా కిందికో దించాలి అన్న సలహా చాలాచోట్ల కనిపిస్తుంది. ఆ సలహాలు ఎక్కువగా ఇథనాల్ లేని పెట్రోలుతోనో, 10 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలుతోనో నడిపినవారు చెప్పినవి. వాటిని మన దగ్గర అక్షరాలా పాటిస్తే ఇంజను పట్టేసే వైపుకే దారి తీస్తాయి. మామూలుగా చిక్కగా నడవవలసిన కిట్ జెట్ మన పెట్రోలుతో సరిగ్గా కుదరడం కూడా నాకు అనుభవమే.

కొనడం, తొలవడం, బిగించడం

జెట్ కొనడానికి వెళ్లేటప్పుడు పాత జెట్ జేబులో ఉండాలి. విజయవాడ ఆటోనగర్‌లో నేను నంబరు చెప్పి అడిగితే కౌంటరు వెనుక ఉన్న పెద్దాయన, "నంబరు సంగతి తరువాత చూద్దాం అబ్బాయ్, ముందు నీ పాతది ఇటియ్యి" అని దానిని, కొత్తదానిని మరకు మర ఆనించి వెలుగుకు ఎత్తి పట్టారు. మొదటి మూడు జెట్లలో మరల మధ్య వెలుతురు కనిపించింది. నాలుగోది పళ్లచక్రాల్లా కలిసిపోయింది. వెలుతురు కనిపించిన జెట్‌ను బలవంతాన బిగిస్తే మొదటి రెండు చుట్లు ఎక్కినట్టే ఎక్కి కార్బురేటర్ మరను కోసేస్తుంది, అప్పుడు పోయేది జెట్ కాదు, కార్బురేటర్.

సరిపడే జెట్ దొరకనప్పుడు ఉన్నదాన్నే తొలుచుకునేవారు ఉన్నారు. పెద్దది చేయడానికి సన్నటి బిట్‌ను చేతి పట్టులో బిగించి వేళ్లతో తిప్పాలి, మోటారు డ్రిల్ వాడకూడదు. చిన్నది చేయడానికి రంధ్రాన్ని సోల్డరుతో మూసి మళ్లీ తొలవాలి. రెండు పద్ధతులూ పనిచేస్తాయి, కానీ రంధ్రం అంచున మిగిలే గరుకు వల్ల చేత్తో తొలిచిన 70, కంపెనీ 70 ఒకేలా ప్రవహించవు. అలా తయారు చేసిన జెట్‌ను దాని కొలతతో కాక పరీక్షలో అది చూపిన ఫలితంతోనే గుర్తించాలి. శుభ్రం చేసేటప్పుడు గుండుసూది, ఉక్కు తీగ దూర్చడం కూడా ఒకరకమైన తొలవడమే. నైలాన్ బ్రష్ పోగు, కార్బురేటర్ క్లీనర్, నోటితోనో పంపుతోనో ఊదిన గాలి చాలు.

మార్చేటప్పుడు కుళాయి మూసి, గిన్నె స్క్రూలు సరిపడే స్క్రూడ్రైవరుతో విప్పాలి. ఆ స్క్రూ తలలు మెత్తవి, ఒకసారి అరిగితే మళ్లీ విప్పడం కష్టం. గిన్నెను కింద ఒక తెల్లటి పళ్లెం పెట్టుకుని దించితే ఫ్లోట్ పిన్ను జారిపడినా దొరుకుతుంది, అడుగున ఉన్న మట్టి, నీటి బొట్లు కూడా కనిపిస్తాయి. మధ్య గొట్టం అడుగున ఉన్న జెట్‌ను గాడికి నిండుగా పట్టే స్క్రూడ్రైవరుతో విప్పి, కొత్తదానిని ముందు వేళ్లతో ఎక్కించి, చివరన మణికట్టు బలం వాడకుండా ఆనేంతవరకే బిగించాలి. తీసిన జెట్‌ను నంబరు, తేదీ, ఆ రోజు ఆయిల్ పాలు రాసిన చిన్న కాగితం కవరులో వేసి ఉంచుకుంటే ఆరు నెలల తరువాత అది ఎందుకు తీశామో గుర్తుంటుంది.

ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఆరిపోయిన మిశ్రమంలోని ఆయిల్ జిగురుగా మిగిలి రంధ్రాన్ని ఇరుకు చేస్తుంది. వర్షాకాలంలో బండిని రెండు వారాలకు మించి పక్కన పెట్టేటట్లయితే కుళాయి మూసి, గిన్నె విప్పి, అందులో మిగిలిన పెట్రోలు పారబోసి, తుడిచి బిగించి ఉంచాలి. నడుపుతూ పెట్రోలు అయిపోయేదాకా ఆగడం ఇందుకు మార్గం కాదు, ఎందుకంటే చివరి కొన్ని క్షణాలు ఇంజను ఆయిల్ లేకుండానే తిరుగుతుంది.